తిమింగలం ఒక్కటి చాలు: పరిణామ పదాలు బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా?

ఏటా జీవపరిణామం పాఠం మొదలవగానే నా ఫోన్‌కి ఒకే రకం మెసేజులు వస్తాయి. "సార్, నిర్మాణసామ్యం, క్రియాసామ్యం రాత్రి వచ్చేస్తాయి, పొద్దున తారుమారవుతాయి." "అవశేషావయవం అంటే పనికిరాని అవయవమే కదా సార్?" "సంధాన సేతువుకి ఆర్కియోప్టెరిక్స్ కాకుండా ఇంకో ఉదాహరణ చెప్పండి సార్." విడివిడిగా జవాబులిచ్చీ ఇచ్చీ విసుగొచ్చి, ఈసారి మొత్తం ఒకేచోట రాస్తున్నాను.

చిక్కంతా ఉదాహరణల్లో ఉంది. ఒక పదానికి గబ్బిలం రెక్క, ఇంకోదానికి ఉండుకం, మరోదానికి డార్విన్ పిచ్చుకలు. పది పదాలు, పది జంతువులు, వాటిని కలిపే దారం లేదు. ఒకే జంతువు కథలో అన్నీ చూస్తే పదాలు ఒకదాన్నొకటి గుర్తుచేస్తాయి. దానికి తిమింగలాన్ని మించింది నాకు కనిపించలేదు. పైగా ఆ కథలో మొదటి అంకం జరిగింది ఇప్పటి భారత్, పాకిస్తాన్ నేల మీదే. అప్పట్లో ఇక్కడ టెథిస్ సముద్రం ఉండేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలు కేటాయించండి. ఇద్దరుంటే ఇంకా మంచిది.

కావలసినవి

- పాత చీర ఒకటి, అయిదున్నర మీటర్లది. జాకెట్ ముక్క కలిసే ఉంటే దాన్ని లెక్కలోంచి తీసేయండి.
- టైలర్ టేపు
- పిన్నీసులు పది, పోస్టుకార్డంత అట్టముక్కలు పది
- మేక వెనక కాలి చీలమండ ఎముక (ఎలా అడగాలో మూడో మెట్టులో చెబుతాను)
- ఫోన్‌లో రెండు వీడియోలు: ఈదుతున్న డాల్ఫిన్, ఈదుతున్న సొరచేప
- మీ చెయ్యి

మాంసం తినని ఇళ్ళవాళ్ళు కంగారు పడొద్దు, ఎముకకు బదులేంటో కూడా చెబుతాను. హాస్టల్లో ఉండి చీర దొరకనివాళ్ళు కాగితాలు అతికించి 55 సెంటీమీటర్ల పట్టీ చేసుకోండి. నేను మీటరు అన్నచోటల్లా మీకు పది సెంటీమీటర్లు, సెంటీమీటరు అన్నచోట మిల్లీమీటరు.

1. చీర ఆరేయండి

దండెం మీద పొడవుగా పరవండి. అంత పొడుగు దండెం లేకపోతే వరండాలో నేల మీద పరిచినా సరే. కొంగు చివర ఈ రోజు. లోపలి చెంగు అయిదున్నర కోట్ల సంవత్సరాల కింద. అంటే మీటరుకి కోటి ఏళ్ళు, సెంటీమీటరుకి లక్ష ఏళ్ళు.

ముందుగా కొంగు చివరి నుంచి 3 సెంటీమీటర్ల దగ్గర "మనిషి" అని రాసిన అట్ట గుచ్చండి. మన జాతి వయసు సుమారు మూడు లక్షల ఏళ్ళు. శాతవాహనుల నుంచి ఇప్పటిదాకా ఎంతో తెలుసా? చీరలో ఒక్క దారప్పోగు మందం. ఈ మెట్టు మానేయొద్దు. "అంత పెద్ద మార్పు ఎలా జరిగింది సార్" అని అడిగేవాళ్ళలో చాలామంది కోటి సంవత్సరాలను వెయ్యి సంవత్సరాలకు అన్నదమ్ముల్లా చూస్తారు.

2. జంతువులను గుచ్చండి

కొలత కొంగు చివరి నుంచే. వయసులన్నీ సుమారు కాబట్టి పిన్ను అయిదు పది సెంటీమీటర్లు అటూ ఇటూ అయినా తప్పులేదు.

- 5.5 మీటర్లు: హిప్పోలకు, తిమింగలాలకు ఉమ్మడి పూర్వీకుడు. ఇక్కడ పేరు రాయొద్దు, ప్రశ్నార్థకం పెట్టండి.
- 5 మీటర్లు: పాకిసీటస్. పాకిస్తాన్‌లో దొరికింది, 1981లో పేరు పెట్టారు. తోడేలంత ఉంటుంది. పరిగెత్తే కాళ్ళు, మూతి చివర ముక్కు.
- 4.8 మీటర్లు: అంబ్యులోసీటస్. ఇదీ పాకిస్తాన్‌దే, 1994లో ప్రకటించారు. పేరుకి నడిచే తిమింగలం అని అర్థం. పాదాలు పెద్దవి. మొసలిలా నీళ్ళలో మాటు వేసేదని అంచనా.
- 4.8 మీటర్లే, కానీ చీర రెండో అంచు మీద: ఇండోహయస్. జమ్మూ కశ్మీర్‌లోని కాలాకోట్ ప్రాంతంది. పిల్లి అంత జంతువు.
- 4.7 మీటర్లు: రోడోసీటస్. ముక్కు రంధ్రాలు కాస్త వెనక్కి జరిగాయి.
- 4.5 మీటర్లు: కచ్చిసీటస్. గుజరాత్‌లోని కచ్ఛ్‌లో దొరికింది. శిలాజ శాస్త్రవేత్తలు సునీల్ బాజ్‌పాయ్, హాన్స్ తెవిసెన్ 2000లో పేరు పెట్టారు.
- 3.8 మీటర్లు: బాసిలోసారస్. ఈజిప్టు ఎడారిలో తిమింగలాల లోయగా పేరుపడ్డ వాడీ అల్ హితాన్‌లో దీని అస్థిపంజరాలు కుప్పలుగా ఉన్నాయి.
- 3.5 మీటర్లు: పళ్ళున్న తిమింగలాలు, పళ్ళ బదులు జల్లెడ లాంటి బలీన్ పలకలున్న తిమింగలాలు ఇక్కడ విడిపోయాయి.
- కొంగు చివర: నేటి తిమింగలం.

మనిషి అట్టతో కలిపి పది. మనిషిదీ ప్రశ్నార్థకందీ మూడున్నర మీటర్ల దగ్గర విడిపోయే చోటుదీ వదిలేసి, మిగతా ప్రతి అట్ట మీద మూడు గళ్ళు గీయండి: చెవి, వెనక కాలు, ముక్కు. తెలిసినవి నింపండి, తెలియనివి ఖాళీగా ఉంచండి. శిలాజాల్లో ఖాళీలు మామూలే.

ఇప్పుడు ముక్కు గడిని మాత్రమే చదువుకుంటూ చీర వెంట నడవండి. పాకిసీటస్‌కి మూతి చివర, రోడోసీటస్‌కి కొంచెం వెనక, బాసిలోసారస్‌కి ఇంకా వెనక, నేటి తిమింగలానికి నడినెత్తిన. మధ్యలో ఉన్న ఆ జీవులనే పరివర్తన శిలాజాలు అంటాం. మీ పుస్తకంలో సంధాన సేతువు (రెండు గుంపుల లక్షణాలు కలిసున్న జీవి) అని ఉన్న పదం దీనికి దగ్గర చుట్టం.

*ఇక్కడ అందరూ చేసే తప్పు.* ఇండోహయస్ శరీరం పాకిసీటస్ కంటే పాతకాలపుదిలా ఉంటుంది, వయసులో మాత్రం చిన్నది. "అయితే పూర్వీకుడు మనవడి తర్వాత పుట్టాడా సార్?" అని తరగతిలో ఎవరో ఒకరు పట్టుకుంటారు. పట్టుకున్నవాళ్ళకి నేను చాక్లెట్ ఇస్తాను. ఇండోహయస్ పూర్వీకుడు కాదు, పూర్వీకుల తరఫు చుట్టం. మన ఇళ్ళలో మేనల్లుడి కంటే చిన్నవాడైన మేనమామ ఉండడా? ఆ వంశం పాత పోలికలతోనే ఇంకొంతకాలం బతికింది, అంతే. అందుకే దాన్ని రెండో అంచు మీద గుచ్చమన్నాను. మాటకొస్తే ఇక్కడున్న శిలాజాల్లో దేన్నీ "ఇదే నేటి తిమింగలం తాత" అని వేలు పెట్టి చూపించలేం. ఆ దారిలో ఉన్న కుటుంబాల సభ్యులని మాత్రమే అనగలం.

*ఇంకో హెచ్చరిక.* నెట్‌లో పాకిసీటస్ బొమ్మ వెతికితే సీల్‌లా ఈదుతున్న బొమ్మలు కనిపించొచ్చు. అవి 1983 నాటి ఊహ. అప్పటికి చేతిలో ఉన్నది దాదాపు పుర్రె ఒక్కటే. 2001లో మిగతా అస్థిపంజరం వర్ణన వచ్చాక అది నాలుగు కాళ్ళ మీద నడిచే జంతువని తేలింది. బొమ్మలో బారైన కాళ్ళున్నాయో లేదో చూసి తీసుకోండి.

3. మేక ఎముక చేతిలోకి తీసుకోండి

నాకు బాగా ఇష్టమైన మెట్టు ఇది. మటన్ కొట్టులో ఇలా అడగండి: "వెనక కాలు, మధ్యలో వెనక్కి వంగిన కీలు తెగకుండా ఇవ్వండి." అది మోకాలనుకుంటాం కానీ నిజానికి చీలమండ కీలు. ముందు కాళ్ళ పాయా తెస్తే అందులో ఈ ఎముక దొరకదు, డబ్బు దండగ. ఉడికించి, కీలు విప్పి, అందులో వేలి కణుపంత పొట్టి ఎముకను ఏరండి. పళ్ళు తోమే పాత బ్రష్‌తో కడిగి ఎండబెట్టండి.

పై కొన మీద వేలు పెట్టి రాయండి. నూతి గిలక మీద తాడు జారే గాడి లాంటిది తగులుతుంది. తిప్పి కింది కొన చూడండి, అక్కడ ఇంకో గాడి. రెండు వైపులా గిలకే. మేక, గొర్రె, ఆవు, జింక, పంది, ఒంటె, హిప్పో వంటి జత గిట్టల జంతువులన్నిటికీ ఇది ఇలాగే ఉంటుంది. మనకూ, కుక్కకూ పై కొన మాత్రమే గిలకలా ఉంటుంది, రెండో కొన గుండ్రం. గుర్రానికి రెండో కొన చదునుగా ఉంటుంది.

తిమింగలాలు ఎవరి చుట్టాలన్న దాని మీద చాలాకాలం గొడవ నడిచింది. పాత తిమింగలాల పళ్ళు మీసోనిక్స్ కుటుంబమనే అంతరించిన మాంసాహార జంతువుల పళ్ళలా ఉండేవి. కాబట్టి అవే దగ్గర చుట్టాలని ఎముకల శాస్త్రవేత్తలు అనుకున్నారు. 1990లలో జపాన్‌లో నోరిహిరో ఒకాడా బృందం డీఎన్ఏ చూసి, కాదు, హిప్పోలే దగ్గర చుట్టాలంది. ఎముకలవాళ్ళు ఒప్పుకోలేదు. 2001 సెప్టెంబరులో, ఒక్కరోజు తేడాతో రెండు పరిశోధనలు అచ్చయ్యాయి. ఒకటి తెవిసెన్ బృందానిది, పాకిసీటస్ మీద. ఇంకోటి ఫిలిప్ గింగరిచ్ బృందానిది, రోడోసీటస్, మరో పాత తిమింగలం ఆర్టియోసీటస్ మీద. రెండింటిలోనూ చీలమండ దగ్గర ఇదే జంట గిలక ఎముక. మీసోనిక్స్ వైపు మొగ్గిన గింగరిచ్ కూడా అభిప్రాయం మార్చుకున్నారు.

మీ చేతిలోని ఆ ఎముకకి ఇప్పుడు రెండు పదాలు కట్టండి. తిమింగలం పూర్వీకుడిలో, మేకలో ఒకే ఎముక ఒకే రూపంలో ఉండటానికి కారణం ఇద్దరికీ అది ఒకే తాత నుంచి రావడం. ఇది నిర్మాణసామ్యం. ఆ తాతే ఉమ్మడి పూర్వీకుడు. మరి మీసోనిక్స్ పళ్ళ పోలిక? మాంసం కోసే పని ఒకటే కాబట్టి రెండు వంశాల్లో విడివిడిగా వచ్చిన పోలిక అది, అంటే అభిసారి పరిణామం. పెద్ద పెద్ద శాస్త్రవేత్తలే ఏళ్ళతరబడి ఈ రెంటినీ కలగాపులగం చేశారు. పరీక్షలో మీరు తారుమారు చేస్తే సిగ్గుపడాల్సిన పనేమీ లేదు. మళ్ళీ చేయకపోతే చాలు.

*ఎముక వద్దనుకునేవాళ్ళు:* జంతుశాస్త్రం ల్యాబ్ ఉన్న కాలేజీలో మేక లేదా ఆవు ఆస్ట్రాగలస్ (ఈ ఎముక అసలు పేరు) చూపించమని అడగండి. లేదా మైనపు మట్టి ముద్ద చేసి రెండు కొనలకూ బొటనవేలితో గాడి నొక్కండి. రూపం గుర్తుండటానికి అది చాలు.

4. మీ చెయ్యి, డాల్ఫిన్ తోక

తిమింగలం ముందు రెక్క ఎక్స్‌రే బొమ్మ ఫోన్‌లో తెరిచి పక్కన చెయ్యి పెట్టండి. జబ్బలో ఒక ఎముక, ముంజేతిలో రెండు, మణికట్టులో చిన్నవి, ఆపైన వేళ్ళు. బయటికి తెడ్డులా ఉన్నా లోపల చెయ్యే. ఇదీ నిర్మాణసామ్యమే, మూడో మెట్టులో ఎముకతో చూసినదే మళ్ళీ.

ఇప్పుడు వీడియోలు. తోక మాత్రమే చూడండి. సొరచేప తోక నిలువుగా ఉండి కుడి ఎడమలకు ఊగుతుంది. డాల్ఫిన్ (ఇదీ పళ్ళున్న తిమింగలమే) తోక అడ్డంగా ఉండి పైకీ కిందికీ కొడుతుంది. పరుగెత్తే కుక్క నడుము ఎటు వంగుతుందో గుర్తుచేసుకోండి: పైకీ కిందికీ. నేల మీద పరిగెత్తిన వెన్నెముకనే తిమింగలం నీళ్ళలోకి తెచ్చుకుంది. పైకి ఇద్దరిదీ నీటిని చీల్చుకుపోయే ఒకే ఆకారం. అది క్రియాసామ్యం, అంటే ఒకే తాత నుంచి కాక ఒకే పని వల్ల వచ్చిన పోలిక, అభిసారి పరిణామం ఫలితం. లోపలి పనితీరు వేరు.

*వెంటనే వాడి చూడండి.* తీరానికి "భారీ తిమింగలం" కొట్టుకొచ్చిందని వార్తల్లో ఫొటో వస్తే తోక చూడండి. నిలువుగా ఉంటే అది తిమింగలం కాదు, వేల్ షార్క్ అనే సొరచేప. తెలుగు వార్తల్లో ఈ పొరపాటు నేను చాలాసార్లు చూశాను. మన పేరు కూడా సాయం చేయదు లెండి. తిమి అంటే పెద్ద చేప, దాన్ని మింగేది తిమింగిలం. పేరు విన్నవాళ్ళు ఇంకా పెద్ద చేప అనే అనుకుంటారు.

5. కాళ్ళు పోయాక మిగిలినవి

బాసిలోసారస్ అట్ట దగ్గరికి వెళ్ళండి. 1834లో అమెరికాలో రిచర్డ్ హార్లన్ దీన్ని సరీసృపం అనుకుని "బల్లుల రాజు" అని అర్థమొచ్చే పేరు పెట్టాడు. కొన్నేళ్ళకే రిచర్డ్ ఓవెన్ పళ్ళు చూసి ఇది క్షీరదమన్నాడు. అయినా ముందు పెట్టిన పేరే నిలవాలన్నది నియమం కాబట్టి తిమింగలం ఇప్పటికీ బల్లి పేరుతోనే తిరుగుతోంది. 1990లో ఈజిప్టు శిలాజాల్లో దీని వెనక కాళ్ళు దొరికాయని ప్రకటించారు. పదిహేను మీటర్లు దాటిన ఒంటికి జానెడు బెత్తెడు కాలు. అందులో మోకాలుంది, మడమ ఉంది, వేళ్ళున్నాయి. నడవడానికి మాత్రం పనికిరాదు.

నేటి తిమింగలాల్లో బయటికి కాలే లేదు. లోపల మాత్రం కండలో ఇరుక్కుని చిన్న కటి ఎముకలు ఉన్నాయి. ఇవే అవశేషావయవాలు.

*అన్నిటికంటే ఎక్కువ మార్కులు పోయేది ఇక్కడే.* "అవశేషావయవం అంటే పనికిరాని అవయవం" అని రాయకండి. తిమింగలాల కటి ఎముకలకు జననాంగాల కండరాలు అతుక్కుని ఉంటాయి, వాటికి పని ఉంది. పాత పని, అంటే కాలిని మోయడం, పోయింది. కాబట్టి నిర్వచనం ఇలా రాయండి: పూర్వీకుల్లో చేసిన ముఖ్యమైన పనిని కోల్పోయి, కుంచించుకుపోయి మిగిలిన అవయవం. కొత్త చిన్న పని ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

దీనికి పక్కింటి పదం ఎటావిజం, అంటే పోయిందనుకున్న పూర్వీకుల లక్షణం ఎప్పుడో ఒక్క జీవిలో తిరిగి కనిపించడం. 1919లో కెనడాలోని వాంకోవర్ దీవి దగ్గర పట్టిన ఒక హంప్‌బ్యాక్ తిమింగలానికి మీటరు పైచిలుకు వెనక కాళ్ళున్నాయి. 2006లో జపాన్‌లోని తైజీ దగ్గర వెనక వైపు అదనపు జత రెక్కలున్న డాల్ఫిన్ దొరికింది. తేడా ఇలా పెట్టుకోండి: అవశేషావయవం జాతి మొత్తానికీ ఉంటుంది, ఎటావిజం ఎక్కడో ఒకదానికి.

పిండాన్ని కూడా ఇక్కడే కలపండి. డాల్ఫిన్ పిండంలో మొదటి వారాల్లో వెనక కాలి మొగ్గ వస్తుంది, తర్వాత కరిగిపోతుంది. కాలు పెరగాలని సంకేతమిచ్చే జన్యువు ఆ మొగ్గలో పనిచేయదని 2006లో చూపించారు. బలీన్ తిమింగలాల పిండాల్లో పంటి మొగ్గలు కూడా ఇలాగే వచ్చి పోతాయి. వాటి డీఎన్ఏలో పంటి పింగాణీకి సంబంధించిన జన్యువులు పాడైపోయి పడున్నాయి. వాటిని మిథ్యాజన్యువులు అంటారు. దీన్ని జన్యువుల్లోని అవశేషావయవం అనుకోండి, మరచిపోరు.

6. చెవి గడి చదవండి

తిమింగలం చెవి దగ్గర గిన్నె లాంటి ఎముక ఒకటుంటుంది. దాని లోపలి అంచు బాగా లావు, దిటవు. ఆ లావు అంచుకి ఇన్‌వాల్యూక్రమ్ అని పేరు. తోడేలంత ఉండి నాలుగు కాళ్ళ మీద నడిచే పాకిసీటస్‌ని తిమింగలాల్లో ఎందుకు కలిపారని పిల్లలు అడుగుతారు. ముఖ్యమైన కారణం ఇదే, చెవి తిమింగలానిది.

ఇండోహయస్ సంగతి ఇంకా బావుంటుంది. ఎ. రంగారావు అనే భారతీయ భూగర్భశాస్త్రవేత్త కాలాకోట్‌లో రాళ్ళు సేకరించి 1971లో ఈ జంతువుకి పేరు పెట్టారు. ఆయన పోయాక పగలగొట్టి చూడని రాళ్ళెన్నో ఆయన భార్య దగ్గర ఉండిపోయాయి. తర్వాత అవి తెవిసెన్‌కి అందాయి. ల్యాబ్‌లో టెక్నీషియన్ శుభ్రం చేస్తుంటే పొరపాటున చెవి ఎముక విరిగింది. విరిగిన చోట చూస్తే లోపలి అంచు లావుగా ఉంది! తిమింగలాలకే సొంతమనుకున్న గుర్తు, పిల్లి అంత గిట్టల జంతువులో. 2007లో ఆ పరిశోధన అచ్చయింది, బాజ్‌పాయ్ కూడా అందులో భాగస్వామి. ఆకారం ఊహించుకోవాలంటే మన మూషిక జింకను తలుచుకోండి, హైదరాబాద్ నెహ్రూ జూలో పెంచి నల్లమల వైపు అమ్రాబాద్ అడవిలో వదిలినవి. ఇండోహయస్ కాలి ఎముకల గోడలు మందం. నీళ్ళలో తేలిపోకుండా అడుగున నడిచే హిప్పోకి కూడా అంతే.

ఇక్కడ నేర్చుకోవాల్సిన పదం పంచుకున్న కొత్త లక్షణం. వెంట్రుకలు, పాలివ్వడం క్షీరదాలన్నిటికీ ఉన్నాయి కాబట్టి క్షీరదాల్లో ఎవరికి ఎవరు దగ్గరో అవి చెప్పవు. లావు చెవి అంచు ఈ రెండు గుంపులకే ఉంది, కాబట్టి చెబుతుంది. ఊళ్ళో అందరికీ ఉన్న ఇంటిపేరుతో చుట్టరికం తేలదు కదా.

7. వాక్యం తిరగరాయండి

పెన్ను తీయండి. ఈ వాక్యం రాయండి: "తిమింగలం నీటిలో బతకడానికి కాళ్ళను వదులుకుంది." ఇప్పుడు దాన్ని కొట్టేయండి. ఏ జంతువూ ఏదీ వదులుకోలేదు, ఏదీ కోరుకోలేదు. దీని తమ్ముడు "వాడకపోవడం వల్ల కాళ్ళు పోయాయి" కూడా తప్పే, అది ఫ్రెంచి శాస్త్రవేత్త లామార్క్ చెప్పినది. వాడక సన్నబడిన కాలు పిల్లలకు రాదు.

సరైన జవాబులో నాలుగు ముక్కలుండాలి. ఒక్కోదానికి ఒక గీత గీయండి.

ఆ గుంపులో వెనక కాళ్ళ పరిమాణంలో తేడాలుండేవి: వైవిధ్యం. ఆ తేడాల్లో కొన్ని పిల్లలకు వచ్చేవి: వంశపారంపర్యం. నీళ్ళలో ఎక్కువసేపు గడిపే జీవితంలో, తోకతో ఈదేటప్పుడు తక్కువ అడ్డుపడే కాళ్ళున్నవి సగటున ఎక్కువ పిల్లలను మిగిల్చాయి: ప్రకృతి వరణం. ఇది తరతరాలుగా జరిగి గుంపులో అలాంటివాటి వాటా పెరిగింది: పరిణామం. మారింది గుంపు, ఒక్కో జంతువు కాదు.

తరాలంటే ఎన్ని? పాకిసీటస్ పిన్ను నుంచి నాలుగు మీటర్ల గుర్తు దాకా ఒక మీటరు, అంటే కోటి ఏళ్ళు. తరానికి అయిదేళ్ళు అనుకుంటే ఇరవై లక్షల తరాలు. అయిదేళ్ళన్నది లెక్క కోసం నేను పెట్టుకున్న అంకె. పదేళ్ళు పెట్టినా పది లక్షల తరాలు వస్తాయి.

డార్విన్ కూడా ఇక్కడ దెబ్బతిన్నాడు. 1859 పుస్తకంలో, నోరు తెరిచి ఈదుతూ పురుగులు పట్టే నల్ల ఎలుగుబంటి లాంటిది క్రమంగా తిమింగలం లాంటి జీవి అయ్యే వీలుందని రాశాడు. జనం ఎగతాళి చేశారు, తర్వాతి ముద్రణలో ఆ మాట కుదించాడు. ఆయన పట్టుకున్న పద్ధతి సరైనదే, ఎలుగుబంటి మాత్రం తప్పు చుట్టం.

అనుకూలనం (బతకడానికి సాయపడి ప్రకృతి వరణంతో నిలిచిన లక్షణం) అన్న మాట వాడేటప్పుడు జాగ్రత్త. నడినెత్తిన ముక్కు అనుకూలనం. లక్షణం ఉంది కాబట్టి అది అనుకూలనమే అనుకోకూడదు. పళ్ళున్న తిమింగలాలకు వాసన జన్యువుల్లో చాలా భాగం పాడయ్యాయి. నీళ్ళలో అవి చేసే పని తగ్గాక, వాటిని పాడుచేసిన ఉత్పరివర్తనాలను (జన్యువుల్లో వచ్చే మార్పులను) ఏరిపారేసే వరణం లేకపోయింది. "వాడకపోతే పోతాయి" అన్న మాటలో నిజమెంతో ఇప్పుడు తెలుస్తుంది: వాడనిది పాడైతే కాపాడేవాడుండడు.

8. నిచ్చెన కాదు, చెట్టు గీయండి

చీర మీద పిన్నులు వరసగా ఉండటంతో పిల్లలు నిచ్చెన గీసేస్తారు: హిప్పో, పాకిసీటస్, అంబ్యులోసీటస్, తిమింగలం. తప్పు. హిప్పో తిమింగలానికి తాత కాదు, దూరపు అన్న. ఇద్దరికీ తాత ఆ ప్రశ్నార్థకం అట్ట.

కాగితం కింద ప్రశ్నార్థకం పెట్టి అక్కడి నుంచి రెండు కొమ్మలు వేయండి. ఒక కొమ్మ హిప్పో వైపు నేరుగా ఈ రోజుకి వస్తుంది. రెండోది తిమింగలాల వైపు. దాని మొదట్లోనే ఇండోహయస్ కోసం చిన్న రెమ్మ, అది మధ్యలో ఆగిపోతుంది. పాకిసీటస్, అంబ్యులోసీటస్, కచ్చిసీటస్ కూడా ఆగిపోయిన పక్క రెమ్మలే. మూడున్నర మీటర్ల దగ్గర కొమ్మ రెండుగా చీలుతుంది: పళ్ళవి, బలీన్‌వి. ఆ పైన గుబురు, అందులో నీలి తిమింగలం నుంచి గంగా డాల్ఫిన్ దాకా దాదాపు 90 జాతులు. ఒక వంశం ఇలా రకరకాల జీవనాలకు విస్తరించడమే అనుకూల వికిరణం. ఒక గుంపు రెండు జాతులుగా చీలడం జాతుల ఉత్పత్తి. ఒక తాత, అతని సంతతి మొత్తం కలిపితే క్లేడ్. కత్తెరతో ఒక్క చోట కత్తిరిస్తే ఊడిపడే కొమ్మ మొత్తం ఒక క్లేడ్. రెండు చోట్ల కత్తిరించాల్సి వస్తే కాదు.

వచ్చిందో లేదో చూసుకోవడం

చీర వైపు చూడకుండా ఎవరికైనా గట్టిగా చెప్పండి. వినేవాళ్ళకి బయాలజీ రాకపోతే ఇంకా మంచిది. నేను మా అమ్మకి చెప్పి చూసుకుంటాను. ఆవిడ తల ఊపితే మాత్రం చాలదు, తిరిగి ప్రశ్న అడగాలి.

తర్వాత ఈ అయిదూ:

- డాల్ఫిన్ వీపు రెక్క, సొరచేప వీపు రెక్క: నిర్మాణసామ్యమా, క్రియాసామ్యమా? (క్రియాసామ్యం. డాల్ఫిన్ వీపు రెక్కలో ఎముకే ఉండదు.)
- పాకిసీటస్‌ని తిమింగలం అనడానికి కాళ్ళు చూడాలా, చెవి చూడాలా? (చెవి.)
- 1919 హంప్‌బ్యాక్ కాళ్ళు అవశేషావయవమా? (కాదు, ఎటావిజం.)
- హిప్పోలు మరికొన్ని కోట్ల ఏళ్ళలో తిమింగలాలు అవుతాయా? (అవుతాయన్న హామీ ఏమీ లేదు. పరిణామానికి ముందే రాసిపెట్టిన గమ్యం ఉండదు.)
- మేక చీలమండ ఎముక కుక్కది కాదని ఎలా చెబుతారు? (రెండో కొన మీద వేలు పెట్టి.)

నాలుగు వస్తే పరవాలేదు. రెండో మూడో వస్తే పుస్తకం తెరవకండి. తప్పు ఎక్కడ వచ్చిందో ఆ పిన్ను దగ్గరికే వెళ్ళి అట్ట మళ్ళీ చదవండి. నాలుగో ప్రశ్న తప్పితే ఎనిమిదో మెట్టు, మొదటి ప్రశ్న తప్పితే నాలుగో మెట్టు మళ్ళీ చేయండి.

చివరగా, చీర మడిచేముందు పిన్నీసులు లెక్కపెట్టండి, పది రావాలి. మొదటిసారి చేసినప్పుడు నాకు తొమ్మిదే వచ్చాయి. పదోది అంబ్యులోసీటస్‌ది, మా ఆవిడకి దొరికింది.